ద్వీప రిసార్టులో హార్బర్ పెట్రోల్ (రేవు గస్తీ) బోటు కెప్టెన్ పని: ఫైబర్ బోటు సరంగు ఏం నేర్చుకుని వెళ్ళాలి?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు కొత్తపట్నం పక్కన పల్లెపాలెం. పదేళ్లు ఫైబర్ బోటు మీద వేట, ఆపైన రెండేళ్లు తడ దగ్గర పులికాట్‌లో టూరిస్టు బోటు. ఇప్పుడు ఒక ఏజెంటు, "ద్వీపంలో రిసార్టు ఉంది, హార్బర్ పెట్రోల్ బోటుకి కెప్టెన్ కావాలి" అంటున్నాడు. ఆ పని ఏంది, తను చెయ్యగలడా, ఏ కాగితాలు కావాలి, ఏజెంటు అడిగిన డబ్బు కట్టొచ్చా అని ప్రశ్న.

చెయ్యగలవు తమ్ముడూ. అల, గాలి, చీకటి, నడిసముద్రంలో ఇంజను ఆగిపోవడం, ఇవేవీ నీకు కొత్త కాదు. నీకు కొత్తది నెమ్మది. అల వెనక అల చూసుకుని బోటుని ఒడ్డెక్కించేటప్పుడు ఇంజను గట్టిగా తిప్పడం నీ చేతికి అలవాటు. హార్బర్ పెట్రోల్‌లో రోజులో ఎక్కువ భాగం 3 నుంచి 5 నాట్ల మీదే పని, అంటే గంటకి ఐదున్నర నుంచి తొమ్మిది కిలోమీటర్లు. చుట్టూ ఈత కొట్టేవాళ్లు, కోట్ల ఖరీదు చేసే షికారు పడవలు, అంటే యాట్‌లు, నీళ్లలో కనపడని మోకులు ఉంటాయి. అక్కడ నీ చెయ్యి తొందరపడితే పదేళ్ల అనుభవం ఒక్క నిమిషంలో పోతుంది. ఇక ఏజెంటుకి ఇప్పుడే ఏమీ కట్టొద్దు. దాని సంగతి కింద చెప్తాను.

పని అసలు ఏంది

పేరులో పెట్రోల్ ఉందని పోలీసు పని అనుకోవద్దు. రిసార్టు బోటు కెప్టెన్‌కి ఎవరినీ పట్టుకునే అధికారం లేదు. ఎవరైనా తాగి జెట్‌స్కీ తోలుతుంటే పక్కకి వెళ్ళి మర్యాదగా చెప్పాలి. వినకపోతే బోటు నంబరు, టైము రాసుకుని ఫొటో తీసి, రిసార్టు మేనేజరుకీ, ఆ దేశపు కోస్ట్‌గార్డుకీ చెప్పాలి. వెంటపడి అడ్డం తిప్పడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. రెండు బోట్లు గుద్దుకుంటే తప్పు నీ మీదికే వస్తుంది.

రోజువారీ పని ఇట్టా ఉంటుంది. వచ్చే బోటుకి హార్బరు ముఖద్వారం దగ్గర ఎదురెళ్ళాలి. నాలుగు సంగతులు అడగాలి: బోటు పొడవెంత, నీళ్లలో ఎంత లోతు దిగుతుంది, ఎన్ని రాత్రులు ఉంటారు, ఇంజను, గేరు సరిగా పనిచేస్తున్నాయా. చివరి ప్రశ్న చాలామంది అడగరు. రివర్సు గేరు పడని బోటుని రెండు బోట్ల మధ్య సందులోకి పంపితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పొడవుకి తగ్గ మూరింగ్ (నీటి అడుగు దిమ్మకి బోటుని కట్టేసే చోటు) ఇచ్చి, ముందు నడిచి దారి చూపించి, తాడు అందించి, అద్దె రాసుకోవాలి. మధ్యలో ఈత హద్దు బోయాలు సరిచూడటం, ఆగిపోయిన బోట్లని లాక్కురావడం, రాత్రి గస్తీ ఉంటాయి. సముద్ర విమానాలు దిగే రిసార్టుల్లో విమానం వచ్చే ముందు ఆ నీటిని ఖాళీ చేయించే పని కూడా ఈ బోటు మీదే పడొచ్చు. మన శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు వేట బోట్లని ఆ వైపు రానివ్వరు కదా, అదే పద్ధతి చిన్న కొలతలో.

ఈ పనిని బాగా క్రమంలో పెట్టుకున్న చోటు చూడాలంటే అమెరికాలో కాలిఫోర్నియా ఎదురుగా ఉన్న కాటలీనా ద్వీపం. అక్కడ అవలాన్ హార్బర్లో పెట్రోల్ బోటు ఎదురొచ్చి మూరింగ్ కేటాయిస్తుంది. బోటులోకి ఎక్కి మరుగుదొడ్డిలో రంగు బిళ్ల కూడా వేస్తుంది. ఎవరైనా మురుగు నేరుగా హార్బర్లోకి వదిలితే ఆ రంగు నీళ్లలో తేలి, ఏ బోటుదో వెంటనే తెలిసిపోతుంది. నువ్వు అక్కడికి పోతావని కాదు, వాళ్ల పద్ధతి నేర్చుకోదగ్గది. నువ్వు వెళ్ళే రిసార్టులో కూడా మురుగు ఎక్కడ ఖాళీ చేయించుకోవాలో వచ్చిన ప్రతి బోటుకీ మొదటి మాటల్లోనే చెప్పాలి. పగడపు దిబ్బ చచ్చిపోతే రిసార్టుకి వచ్చేవాళ్లే ఉండరు.

మూరింగ్, అంటే నీళ్ల కింద ఉన్న అసలు పని

పైన తేలే బోయాని చూసి గట్టిదనుకోకూడదు. కింద నుంచి పైకి వరస ఇది: కాంక్రీటు దిమ్మ, నేల మీద పడుండే లావు గొలుసు, పైకి లేచే సన్న గొలుసు, మెలి తిరగకుండా స్వివెల్, బోయా, చివర బోటుకి తగిలించే నైలాన్ మోకు. వీటిని కలిపేవి షాకిళ్లు, అంటే పిన్నుతో మూసే ఇనుప కొక్కేలు. తెగేది ఎక్కువగా కలిపే చోటే.

దిమ్మ బరువు గురించి ఒక లెక్క గుర్తుంచుకో. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు, అదే పరిమాణం సముద్రపు నీరు 1025 కిలోలు. అంటే నీళ్లలో దిగాక కాంక్రీటు తన బరువులో నూటికి 57 పాళ్లే మిగుల్చుకుంటుంది. ఒడ్డున 2000 కిలోలు తూగిన దిమ్మ సముద్రంలో 1150 కిలోల దిమ్మ మాత్రమే. ఇనుమైతే నూటికి 87 పాళ్లు మిగులుతుంది, అందుకే గొలుసు బరువు అంత పనికొస్తుంది. గాలి లెక్క ఇంకొకటి. గాలి వేగం రెట్టింపైతే బోటు మీద పడే తోపు నాలుగు రెట్లు. 15 నాట్ల గాలిలో కదలకుండా నిలబడ్డ మూరింగ్ 30 నాట్లకి నిలబడుతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. నీ హార్బర్లో ఏ దిమ్మ ఎంత బరువు, ఎంత పొడవు బోటు దాకా ఇవ్వొచ్చు అనేది కాగితం మీద రాయించుకుని బోటులో పెట్టుకో. ఆ కాగితం ఆఫీసులో లేకపోతే, డైవర్‌ని దింపి కొలిపించేదాకా పెద్ద బోట్లకి ఇవ్వనని మొదటి రోజే చెప్పు.

షాకిల్‌ని ఎట్టా చూడాలో దగ్గరగా చెప్తాను. పిన్ను బిగించి వదిలేస్తే, అల ఊపుకి రోజుకి వెంట్రుకంత చొప్పున తిరిగి ఊడుతుంది. అందుకే పిన్ను తలలో ఉన్న చిన్న రంధ్రంలోంచి స్టెయిన్‌లెస్ తీగ దూర్చి, షాకిల్ కాలు చుట్టూ రెండు చుట్లు తిప్పి మెలిపెడతారు. డైవర్ పైకొచ్చాక "షాకిల్ బాగుందా" అని అడిగితే బాగుందనే చెప్తాడు. "తీగ ఉందా, పిన్ను మందం ఎంత మిగిలింది" అని అడుగు. గొలుసులో లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే వంపు దగ్గర అరుగుతాయి, పక్కల కాదు. మందం కొలిచే కాలిపర్ పెట్టాల్సింది ఆ వంపులోనే. 16 మిల్లీమీటర్ల గొలుసు అక్కడ 12కి వచ్చిందంటే నా లెక్కలో దాని పని అయిపోయింది. చాలాచోట్ల మూడో వంతు అరిగేదాకా ఆగుతారు. నేను నాలుగో వంతుకే మార్చమంటాను. గొలుసు ఖరీదు ఎంతైనా, తెగిన యాట్ ఖరీదు ముందు అది లెక్కలోది కాదు.

మోకు దగ్గర నైలాన్, పాలీప్రొపిలిన్ తేడా నీకు తెలుసు. నైలాన్ సాగుతుంది, మునుగుతుంది, తడిస్తే బలం నూటికి పది పదిహేను పాళ్లు తగ్గుతుంది. పాలీప్రొపిలిన్ తేలుతుంది, సాగదు, ఎండకి పొడి రాలిపోతుంది. తేలే తాడు హార్బర్లో ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) శత్రువు. మూరింగ్ మోకుగా అది కనపడితే తీయించెయ్. మోకు తెగేది బోటు అంచు మీద ఒరుసుకునే జానెడు చోట. అక్కడ పాత ఫైర్‌హోసు ముక్క తొడిగితే చాలు. గాలి రాత్రుల్లో గస్తీ తిరిగేటప్పుడు టార్చి వెయ్యాల్సింది ఆ జానెడు మీదే.

ముందూ వెనకా కట్టే మూరింగ్‌లు ఉన్న హార్బరైతే ఇంకో జాగ్రత్త. బోటు గాలికి తిరగకుండా రెండు చివర్లూ కడతారు. ముందు దిమ్మ నుంచి వెనక దిమ్మ దాకా నీళ్ల అడుగున ఒక సన్న తాడు ఉంటుంది. ముందు నిలువుగా తేలే కర్రని పట్టుకుని మోకు కన్నుని బోటు ముందు భాగంలో తాడు తగిలించే కొమ్ముకి, అంటే క్లీట్‌కి వెయ్యాలి. ఆ సన్న తాడుని చేతికి చేతికి అందుకుంటూ బోటు పక్కగా వెనక్కి నడిచి, వెనక మోకుని పైకి లాగి వెనక క్లీట్‌కి వెయ్యాలి. ఆ తాడు నిండా నాచు, గుల్లలు ఉంటాయి, గ్లోవ్స్ లేకుండా పట్టుకుంటే అరచేయి చీరుకుపోతుంది. తాడు చేతిలో ఉన్నంతసేపూ ఇంజను న్యూట్రల్. అతిథి బోటు కెప్టెన్ కంగారుపడి గేరు వేస్తే సన్న తాడు ఫ్యానుకి చుట్టుకుంటుంది. అప్పుడు బోటు వెనక నుంచి కట్టుబడి గాలికి అడ్డం తిరుగుతుంది. అందుకే నువ్వు పక్కన నిలబడి గట్టిగా, రెండే మాటలు చెప్పాలి: "న్యూట్రల్, ప్లీజ్." విడిచి వెళ్ళేటప్పుడు ముందు వెనక మోకు వదిలి, తాడు మునిగేదాకా ఆగి, ఆ తర్వాతే ముందుది వదలాలి.

నెమ్మదిగా నడపడం

నెమ్మది మీద బోటు నీ మాట వినదు, గాలి మాట వింటుంది. గేరు వేసి ఒక్క సెకను తోసి, న్యూట్రల్‌కి తీసి, బోటు ఏం చేస్తుందో చూసి మళ్ళీ వెయ్యడం అలవాటు కావాలి. ముందు చుక్కాని తిప్పు, తర్వాత గేరు. గేరు వేశాక తిప్పితే బోటు వెనక భాగం పక్క బోటుని కొడుతుంది. దేన్ని సమీపించినా గాలికో, నీటి లాగుడుకో, రెంటిలో ఏది బలంగా ఉంటే దానికి ఎదురు పోవాలి. ఏది బలమో తెలియకపోతే మూరింగ్ మీద ఉన్న బోట్లు ఎటు ముక్కు పెట్టి నిలబడ్డాయో చూడు, జవాబు అక్కడుంది.

పగడపు దిబ్బల మధ్య దారి నీకు కొత్త. మన తీరంలో అడుగు ఇసుకో బురదో, తగిలినా బోటు ఆగుతుందే గాని చీలదు. అక్కడ అడుగు కత్తి. ముదురు నీలం లోతు, ఆకుపచ్చ తక్కువ లోతు, గోధుమరంగు అయితే దిబ్బ. ఈ రంగులు కనపడాలంటే సూర్యుడు నీ వీపు వెనక, నెత్తికి దగ్గరగా ఉండాలి. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా సరిగ్గా కనపడతాయి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకా బాగా. ఎదురెండలో కొత్త కాలవలోకి దూరొద్దు.

పోటు లెక్క కూడా మారుతుంది. మన దగ్గర అమావాస్య, పున్నాలకి కూడా పోటుకీ పాటుకీ తేడా మీటరుకి అటూ ఇటూనే. అండమాన్‌లో అది రెండు మీటర్ల దాకా పోతుంది. ఆరు గంటల్లో నీరు సమంగా ఎక్కదు. మొత్తం పన్నెండు పాళ్లనుకుంటే గంటగంటకీ 1, 2, 3, 3, 2, 1 పాళ్ల చొప్పున ఎక్కుతుంది. మూడో నాలుగో గంటల్లో లాగుడు ఎక్కువ, ఆ టైములో పెద్ద బోటుని ఇరుకు సందులోకి తీసుకురావొద్దు, గంట ఆగమను.

ఇంకొకటి, ప్రాణం మీదికి వచ్చేది. బోయా రంగుల పద్ధతి ప్రపంచంలో రెండు రకాలు. ఇండియా, మాల్దీవులు, మారిషస్ వైపు అంతా ఏ-ప్రాంతం: సముద్రం నుంచి హార్బర్లోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా ఎడమ పక్క. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ బి-ప్రాంతం: అక్కడ ఎర్రది కుడి పక్క. కృష్ణపట్నం ఛానల్‌లో చూసిన అలవాటుతో కరీబియన్ ద్వీపంలో బోటు నడిపితే నేరుగా దిబ్బ మీదికి ఎక్కిస్తావు. అమెరికా నుంచి వచ్చిన అతిథి నీ హార్బర్లో అదే తప్పు చెయ్యొచ్చు, అందుకే ముఖద్వారం దగ్గర నువ్వు ముందు నడవాలి.

లాగడం, రాత్రి లంగరు జారడం

బయట సముద్రంలో వెనక కట్టి లాగేటప్పుడు నీ బోటు వెనక రెండు మూలల నుంచి వంతెనలా తాడు కట్టి, మధ్య నుంచి లాగు. ఒక్క మూల నుంచి లాగితే చుక్కాని పనిచెయ్యదు. పదిమీటర్ల బోటుకి 14 నుంచి 16 మిల్లీమీటర్ల నైలాన్, 30 నుంచి 50 మీటర్లు. రెండు బోట్లూ ఒకేసారి అల ఎక్కి ఒకేసారి దిగేలా తాడు పొడవు సర్దాలి. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగితే తాడు పట్ మని బిగుస్తుంది, అప్పుడే క్లీట్లు పీక్కొస్తాయి. బిగిసిన నైలాన్ వరసలో ఎవరినీ నిలబడనివ్వొద్దు, కత్తి చేతికందేలా ఉండాలి.

హార్బర్లోకి వచ్చాక వెనక కట్టి లాగితే దాన్ని ఆపలేవు. పక్కకి కట్టుకోవాలి. నీ బోటు వెనక భాగం దాని వెనక భాగం కంటే ఇంకా వెనక్కి ఉండేలా చూసుకో, అప్పుడే నీ ఇంజను రెండు బోట్లనీ తిప్పగలదు. అసలు భారం మోసేది నీ ముక్కు నుంచి వెనక్కి, దాని నడుముకి వెళ్ళే ఏటవాలు తాడు. ఇది వదులుగా ఉంటే ముందుకి పోయేటప్పుడు బోటు జారి నిన్నే గుద్దుతుంది. వెనక్కి ఆపడానికి ఇంకొక ఏటవాలు తాడు ఎదురు దిక్కుగా. మధ్యలో బోట్లు ఒరుసుకోకుండా కనీసం మూడు ఫెండర్లు (మెత్తలు).

రాత్రి లంగరు మీదున్న బోటు జారుతోందా లేదా అనుమానమొస్తే, ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు దీపాలు చూసుకో. అవి విడిపోతుంటే బోటు కదులుతోంది. బోటు ఊగినా విడిపోతాయి, అందుకే రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఒకటవుతాయా లేదా చూడు. ఇంకా నమ్మకమైన గుర్తు చేతికి తెలుస్తుంది: లంగరు తాడు మీద అరచెయ్యి పెడితే, జారుతున్న లంగరు గరగరమని వణుకు పంపుతుంది, పట్టుకున్న లంగరు ఒక్కసారి లాగి వదులుతుంది. లోతుకి 5 రెట్లు, గాలి ఉంటే 7 రెట్లు తాడు వదలమని పడుకునే ముందే చెప్పించు. అర్ధరాత్రి ఈదురుగాలిలో చెప్పే పని కాదది.

మనిషి నీళ్లలో పడితే

బోటు ముక్కుని అతని వైపే తిప్పు, అప్పుడు ఫ్యాను అతనికి దూరంగా పోతుంది. రింగు విసురు. కళాసీ ఒకడు వేలు చాపి అతన్నే చూస్తుండాలి, ఇంకే పనీ చెయ్యకూడదు. తిరిగొచ్చేటప్పుడు గాలికి ఎదురు ముక్కు పెట్టి, మనిషి నువ్వు నిలబడ్డ పక్కకి వచ్చేలా చేరు. చేతికి అందే ముందే ఇంజను ఆపెయ్, న్యూట్రల్ చాలదు. కిల్ కార్డు కాలికి తగిలించుకోవడం మన బోట్లలో ఎవరికీ అలవాటు లేదు. నువ్వు నీళ్లలో పడితే ఇంజనుని ఆపేది ఆ ఎర్ర తాడే, లేకపోతే బోటు గుండ్రంగా తిరిగొచ్చి నీ మీదికే వస్తుంది. ఊపిరి లేని మనిషికి ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, తర్వాత ఛాతీ నొక్కుడు 30కి ఊపిరి 2, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. మునిగిన మనిషికి ముందు కావాల్సింది గాలి.

రేడియో

నిజంగా నువ్వు వెనకబడే చోటు ఇదే అవుతుంది, నేర్చుకోగలిగేది కూడా ఇదే. వేటలో సెల్లు, లేకపోతే కేక. అక్కడ అంతా వీహెచ్ఎఫ్, అంటే బోట్ల రేడియో. ఛానల్ 16 పిలవడానికి, ఆపదకి. పిలిచి జవాబు రాగానే పని ఛానల్‌కి మారాలి. హార్బర్ లోపల 1 వాటు మీద మాట్లాడు, 25 వాట్లు బయట సముద్రానికి. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడకపోతే మొదటి మాట తెగిపోతుంది.

ఇంగ్లీషు బాగా రావాలని లేదు, ఈ వరస తప్పకుండా రావాలి: మేడే (ప్రాణాపాయంలో పిలుపు) మూడుసార్లు, దిస్ ఈజ్ అని బోటు పేరు మూడుసార్లు, ఎక్కడున్నావు, ఏమైంది, ఏం సాయం కావాలి, ఎంతమంది ఉన్నారు, ఓవర్. చోటు చెప్పేటప్పుడు అంకెలు విడివిడిగా చెప్పు. ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస కంఠతా పట్టు. యాట్ పేర్లు నోరు తిరగనివి, అక్షరం అక్షరం చెప్పమని అడగడంలో నామోషీ లేదు. ప్రాణాపాయం లేని ఇబ్బందికి మేడే కాదు, పాన్-పాన్. మన దేశపు నీళ్లలో ఫోను అందితే కోస్ట్‌గార్డు 1554, తీర భద్రతా పోలీసులు 1093.

లాగ్‌బుక్కు కూడా ఇందులోదే. ఎవరు ఎప్పుడు వచ్చారు, గాలి ఎటు, నువ్వు ఏం చెప్పావు అనేది ఆ గంటలోనే రాయాలి. తగాదా వస్తే నీ మాట కంటే పుస్తకం మాట నిలబడుతుంది.

ఇంజను, పెట్రోలు

బయలుదేరే ముందు ఐదు నిమిషాలు చాలు. బ్యాటరీ ఆగి ఉండగా 12.6 వోల్టులు, ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.4. అడుగున నీళ్లు ఎన్ని ఉన్నాయో చూసి పంపు ఆడించు. స్టార్టవగానే ఇంజను పక్క నుంచి నీటి ధార రావాలి. రాకపోతే పాలిథిన్ కవరో గడ్డో నీళ్ల దారికి అడ్డం పడి ఉంటుంది, అది తియ్యకుండా నడిపితే ఇంపెల్లర్ (నీళ్లు తోడే చక్రం), తర్వాత హెడ్డు పోతాయి. ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చు. ఫోర్‌స్ట్రోక్‌కి ఆయిలు కొత్తలో 20 గంటలకి, తర్వాత ప్రతి 100 గంటలకి.

ఫ్యాను నెలకోసారి విప్పి వెనక చూడు. నైలాన్ గాలం దారం షాఫ్టుకి చుట్టుకుని లోపలి సీలుని కోసేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. గేరు ఆయిలు విప్పినప్పుడు పాలలా తెల్లగా వస్తే నీళ్లు దిగాయని అర్థం. ఆ రోజే ఆపకపోతే గేరుబాక్సు మొత్తం మార్చాల్సిందే.

పెట్రోలుకి మూడు పాళ్ల లెక్క: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టకుండా ఒకటి. 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ పూర్తి వేగంలో గంటకి దగ్గరదగ్గర 40 లీటర్లు తాగుతుంది, గస్తీ వేగంలో అందులో పదోవంతు. ఒక్క పరుగు రెస్క్యూకి రోజంతా గస్తీ పెట్రోలు అయిపోతుంది, అందుకే సాయంత్రం ట్యాంకు నింపే పడుకోవాలి. డబ్బాలు బోటులో పెట్టి నింపొద్దు, ఒడ్డున దించి నింపు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున చేరి స్టార్టరు నిప్పుకి అంటుకుంటుంది.

వాతావరణం

మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు, ఏ గాలి దేనికి ముందు వస్తుందో ఒంటికే తెలుసు. కొత్త ద్వీపంలో ఆ జ్ఞానం సున్నా. మాల్దీవుల్లో పడమటి గాలి కాలాన్ని హుల్హంగు, ఈశాన్యం కాలాన్ని ఇరువై అంటారు. కాలం మారితే ద్వీపంలో ప్రశాంతంగా ఉండే పక్కే మారిపోతుంది. కాటలీనాలో మామూలు గాలి పడమర నుంచి, అవలాన్ హార్బరుకి ద్వీపమే అడ్డు. శాంటా ఆనా గాలి ఈశాన్యం నుంచి వస్తే అదే హార్బరు నోరు తెరుచుకుని అలని నేరుగా మింగుతుంది. కాబట్టి చేరిన మొదటి వారంలోనే అక్కడి ముసలి పడవవాళ్లని ఒక్క ప్రశ్న అడుగు: "ఈ హార్బరుకి చెడ్డ గాలి ఏ దిక్కు నుంచి?" ఆ దిక్కు నుంచి 20 నాట్లు చెప్పగానే బోట్లు ఖాళీ చేయించడం మొదలుపెట్టాలి. మన నీళ్లలో ఉంటే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అల, గాలి సూచనలు రోజూ చూడు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు కూడా గుర్తుండాలి: 1, 2 దూరంలో తుఫాను, 3, 4 ఈ రేవు జాగ్రత్త, 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం, 11 అంటే సమాచారమే తెగిపోయింది.

కాగితాలు, ఏజెంటు

ముందు రిసార్టు ఏ దేశంలోదో, అక్కడ బయటివాళ్లకి బోటు కెప్టెన్ లైసెన్సు ఇస్తారో లేదో రిసార్టుకే మెయిల్ పెట్టి అడుగు. ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో దానంతటది చెల్లదు. ఆ జవాబు రాకముందు ఏ కోర్సుకీ డబ్బు పెట్టొద్దు. తర్వాత నీకు పనికొచ్చేవి: గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో పవర్‌బోట్ నడపడం, ప్రాణరక్షణ కోర్సులు. విదేశీ రిసార్టులు గుర్తించేది బ్రిటన్ పడవల సంస్థ ఆర్‌వైఏ పవర్‌బోట్ లెవెల్ 2, అది రెండు రోజుల కోర్సు, దాని మీద సేఫ్టీ బోట్ కోర్సు ఈ ఉద్యోగానికి సరిగ్గా అతుకుతుంది. దేశంలోనే టూరిస్టు బోటు నడపాలంటే అంతర్గత జలరవాణా కింద సరంగు, మాస్టర్ సర్టిఫికెట్లు వేరు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి మన రాష్ట్రంలో ఇది గట్టిగా చూస్తున్నారు. ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది అంతర్జాతీయ శిక్షణ ప్రమాణం) ప్రాథమిక భద్రతా కోర్సులు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) పెద్ద ఓడలకి కావాలి. రిసార్టు అడిగితే తప్ప వాటికి పరిగెత్తొద్దు. ఇంట్లో పదో తరగతి అయిన కుర్రాడు ఉంటే, విశాఖలోనూ చెన్నైలోనూ ఉన్న కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌లో వెస్సెల్ నేవిగేటర్ కోర్సు చూడమను.

ఏజెంటు సంగతి. ఓడ ఉద్యోగం పేరుతో తీసుకెళ్తే అతనికి కేంద్ర నౌకాయాన సంస్థ డీజీ షిప్పింగ్ నావికులని ఉద్యోగాల్లో పెట్టేందుకు ఇచ్చే లైసెన్సు, అంటే ఆర్‌పీఎస్ఎల్ నంబరు ఉండాలి, అలాంటి ఏజెంటు నావికుడి దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోకూడదు. ఒడ్డు ఉద్యోగం పేరుతో అయితే కేంద్రం విదేశీ ఉద్యోగాల పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి, తీసుకోగలిగేది గరిష్ఠంగా 30 వేల రూపాయలు, పైన జీఎస్‌టీ. లక్షలడిగితే, టూరిస్టు వీసా మీద పంపి అక్కడ మారుస్తానంటే, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టమంటే అక్కడికే ఆపెయ్. ఒప్పందంలో పని గంటలు, వారపు సెలవు, ప్రమాద బీమా, బోటుకి నష్టం జరిగితే ఎవరు కట్టాలి అనే నాలుగు వరసలు చూడు. నాలుగోది లేని ఒప్పందంలో నష్టం నీ జీతంలో కోస్తారు.

ఈలోగా ఇంటి దగ్గర చెయ్యాల్సింది

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎటూ ఉంది. వల ఏదీ బోటులో లేకుండా, ముందు మత్స్యశాఖ వాళ్లకి చెప్పి, ఉప్పుటేరులోనో పులికాట్ అంచునో సాధన చెయ్యి. ఇరవై లీటర్ల ఖాళీ డబ్బాకి తాడు, రెండు ఇటుకలు కట్టి బోయాగా వదులు. ఒక రోజు గాలికి ఎదురుగా, ఒక రోజు గాలిని వెనక పెట్టుకుని, ఒక రోజు గాలి పక్క నుంచి కొడుతుండగా దాన్ని సమీపించు. డబ్బాకి తగలకుండా, ఇంజను న్యూట్రల్‌లో ఉండగా, అది నీ చేతికి అందే దూరంలో బోటు ఆగితేనే ఒకటి లెక్క. ఇరవైలో పద్దెనిమిది వచ్చాక అదే పని చీకటి పడ్డాక టార్చితో, తర్వాత ఇంకో ఫైబర్ బోటుని పక్కకి కట్టుకుని చెయ్యి. పక్కకి కట్టుకున్నప్పుడు లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ సాధనకి కనీసం పది రోజులు అట్టిపెట్టుకో. కిల్ కార్డు మొదటి రోజు నుంచే కాలికి ఉండాలి.